సరిహద్దున తండ్రి – ఇంటిలో బిడ్డ

రంగత్ పట్టణము మధ్య అండమాను దీవిలో నున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. త్రివిధ దళముల ఉమ్మడి కమాండు 2001లో ఈ దీవులయందే ఏర్పడినది. దక్షిణపు కొనను గ్రేట్ నికోబారులో నౌకాదళ వైమానిక స్థావరము ఐ.ఎన్.ఎస్. బాజ్ 2012లో వెలసినది. కొలువు ఒకచోట, భార్యాబిడ్డలు వేరొకచోట నుండుట సైనిక కుటుంబములకు క్రొత్త కాదు. కొన్ని యిండ్లలో తల్లియే సైన్యమున నుండును.

పెద్దలకు ఆరు నెలలు ఆరు నెలలే. రెండేండ్ల బిడ్డకు అవి తన వయస్సులో నాల్గవ వంతు. నిన్న, రేపు అను మాటలే సరిగా తెలియని పసివానికి “నాన్న సంక్రాంతికి వచ్చును” అనిన నేమి బోధపడును? తండ్రి తనపై కోపగించి పోయెనని వాడు తలపవచ్చును. మానిన పక్క తడుపు అలవాటు మరల కనబడుట, రాత్రి ఉలికిపడి లేచుట, తల్లి కొంగు విడువకుండుట మొదలగునవి ఇట్టి సమయమున కలుగును. ఇది మొండితనము కాదు, బెంగ. కొట్టుటగాని ఎగతాళి చేయుటగాని కూడదు.

చెన్నై నుండి ఈ దీవులకు సముద్రగర్భమున వేసిన తంతి మార్గము 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. దానితో కలుపబడిన చోట్లలో రంగత్ ఒకటి. రెండేండ్ల లోపు శిశువులకు తెరలు చూపరాదని చెప్పు భారత శిశువైద్యుల సంఘము కూడ, ఆప్తులతో అప్పుడప్పుడు ముఖాముఖిగా ఫోనులో మాటలాడుటకు మినహాయింపు నిచ్చినది. అయితే “ఏమి తింటివి? ఏమి చదివితివి?” అను ప్రశ్నలకు పసివారు బదులు చెప్పలేరు. రెండు నిమిషములలో పరుగెత్తిపోవుదురు. తండ్రి దానికి నొచ్చుకొన నక్కరలేదు. బిడ్డ అన్నము తినునపుడు తానును తినుట, ముఖము దాచి చూపుట, ఇద్దరును ఒకే చందమామను చూచుట మేలు.

ఓడలమీదను, మంచుకొండలయందును ఫోను అందని దినములుండును. కనుక ప్రయాణమునకు ముందే నాలుగైదు కథలు తన గొంతుతో పలికి ఫోనులో భద్రపరచి పోవలెను. నిద్రవేళ తల్లి వాటిని వినిపింపవచ్చును. అమెరికాలో నౌకాదళ కుటుంబముల కొరకు 1989లో మొదలైన యొక సంస్థ ఇట్టి పనినే చేయుచున్నది. సైనిక తపాలా ద్వారా వచ్చు ఉత్తరమున బిడ్డకై వేరుగా ఒక చిన్న బొమ్మ గీసి పంపినను చాలును.

రోజున కొక చింతగింజ సీసాలో వేయించుడు. రాకకు మిగిలిన దినములను లెక్కింపకుడు. సెలవు మారిన బిడ్డ నమ్మకము చెడును. గడచిన దినములనే లెక్కింపుడు. “నాన్న రానీ, నీ పని చెప్పెదను” అని బెదరింపరాదు. ఎదురుచూడవలసిన వానిని భయపడవలసిన వానిగా చేయరాదు. తండ్రి పనిచేయు చోటును, కదలికలను పరులకు తెలుపరాదు.

తిరిగివచ్చిన దినమున బిడ్డ గుర్తింపక ఏడ్చిన, తండ్రి కుంగిపోరాదు. ఎనిమిది, తొమ్మిది నెలల శిశువులు క్రొత్త ముఖమును చూచి బెదరుట పెరుగుదలలో సహజము. తల్లి చంకనుండి లాగుకొనక, నేలపై కూర్చుండి, బిడ్డ తానై చేరువరకు వేచియుండవలెను. దీనికి కొన్ని దినములు పట్టవచ్చును.

బిడ్డ నిద్రాహారములు వారముల తరబడి చెడిన, వైద్యునికి చూపుడు. ఒంటరిగా ఇల్లు నడుపు తల్లికిని ఆసరా కావలెను. మనస్సు కలత చెందినపుడు 14416 సంఖ్యకు ఫోను చేసిన, 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ ఉచితముగా సలహా నిచ్చును. అడుగుటకు సంకోచింపకుడు. తల్లి కుదుటనున్న బిడ్డయు కుదుటపడును.