అగ్నిశిల నమలు మృగము

డ్రాగను అనగానే మనవారికి చీనాదేశపు పింగాణిపాత్రమీద మెలికలు తిరిగిన రూపమో, గుడిలోని మకరతోరణమున నోరు తెరచిన మొగమో మనసునకు వచ్చును. నోట నిప్పు, వీపున రెక్కలు, గుహలో నిధి. కథ అంతటితో సరి. ఆ నిప్పు ఎక్కడిది, ఆ మృగమేమి తినును, దాని మేపుడు ఖర్చు ఎవరు భరింతురు అని అడిగిన కథకులు అరుదు. అడిగి, దశాబ్దములపాటు సమాధానము వ్రాయుచు వచ్చిన రచయిత్రి ఆన్ మెకాఫ్రీ (1926-2011). అమెరికాలో పుట్టి ఐర్లండులో స్థిరపడిన ఈమె 1968లో ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవలను వెలువరించెను. కథారచనకు హ్యూగో బహుమాన మందిన తొలి స్త్రీ ఈమెయే.

ఆమె కల్పించిన పెర్న్ గ్రహము, మన ధనూరాశిలో నిజముగానే ఉన్న రుక్బత్ నక్షత్రమును చుట్టివచ్చును. సుమారు 250 ఏండ్ల కొకమారు ఎర్రతార యొకటి దాపునకు రాగా, వెండిపోగులవంటి తంతువులు ఆకాశమునుండి రాలి, రాతిని లోహమును విడిచి, పైరును పశువును మనిషిని గూడ తినివేయును. ఈ ఉపద్రవము 50 ఏండ్లు సాగును. తంతువులను గాలిలోనే కాల్చివేయుటకై, అచట సహజముగా పుట్టిన చిన్న నిప్పుతొండల బీజమును మార్చి, కిట్టి పింగ్ అను శాస్త్రజ్ఞురాలు రూపొందించిన ప్రాణియే ఇచటి డ్రాగను. కాగా ఇది పురాణమృగము గాదు. మేలుజాతి కోడెవలె, అక్కరకొరకు తీర్చబడిన పశువు.

నిప్పు మర్మము కడుపులో నున్నది. డ్రాగను అగ్నిశిలను నమిలి రెండవ జీర్ణాశయమునకు పంపగా, అందు పుట్టిన ఫాస్ఫీను వాయువు నోట వెలువడి గాలి సోకినంతనే భగ్గుమనును. మిగిలిన చిట్టెమును పిమ్మట కక్కివేయవలెను. అయితే ఆ శిలను నమిలిన ఆడుది గొడ్డుపోవును. అందుచేతనే గ్రుడ్లుపెట్టు బంగారు రాణులకు అది నిషిద్ధము. వాని రౌతులు నిప్పుచిమ్ము యంత్రములు పట్టుకొని దిగువగా ఎగురుదురు. సంఖ్యలో మిక్కుటమైన పచ్చవియు ఆడువియే గాని, నమిలి నమిలి సంతానమును కోల్పోయినవి. ఒక రాతి గుణమునుండి ఇంతటి తరతమభేదమును పుట్టించిన నేర్పు నాకు ఆ మంటకంటెను మెచ్చదగినదిగా తోచును.

గ్రుడ్డు పగులు దినమును చూడుడు. అరికాళ్లు చుర్రుమను వేడియిసుకలో తెల్లని వస్త్రములు తాల్చిన పడుచువారు వలయముగా నిలిచియుందురు. పెంకును చీల్చుకొని తడితడిగా తూలుచు వచ్చిన పిల్ల, తనకు నచ్చినవానిని తానే ఎంచుకొని, తన పేరును వాని మనసులో పలుకును. వెంటనే ఆకలి యనును. ఇక మాంసము తరిగిపెట్టుట, పెరుగుచున్న చర్మము పగులకుండ నూనె రాయుట నిత్యకృత్యము. ఈ సేవలో ఏమరరాదు: రౌతుతో కూడ క్షణములో దూరదేశమునకు దాటుటకై డ్రాగను చొచ్చు ‘నడిమి’ అను కటికచీకటి చలిలో, చర్మపు బీట ప్రాణాంతకము కావచ్చును. రౌతు మరణించినచో డ్రాగను ఆ చలిలోనికే పోయి మరల రాదు. డ్రాగను మరణించినచో రౌతు బ్రతుకునుగాని, అది సగము బ్రతుకే.

చల్లారిన అగ్నిపర్వతముల బిలములలో నివసించు ఈ రౌతులు దున్నరు, విత్తరు. పల్లెలు పంపు కప్పముతో బ్రతుకుదురు. ఒకమారు ఆ వరుస తప్పి నాలుగువందల ఏండ్లు తంతువులు రాలకపోగా, ఈ తిండిపోతులను మేపుట యెందులకని పల్లెదొరలు సణుగుట మొదలిడిరి. ‘డ్రాగన్‌ఫ్లైట్’ కథ ఆ సణుగుడుతోనే ఆరంభమగును.

చదువగోరువారు 1988నాటి పూర్వకథయగు ‘డ్రాగన్స్‌డాన్’ను ముందుగా పట్టుకొనరాదు, డ్రాగనుల పుట్టుక గుట్టు అందున్నది. ఆ గుట్టును నేనే పైన విప్పితిని, పాఠకులు మన్నింతురుగాక.