మెండావారి వెదురడవి

గత మాసమున మన సంఘపు గోదాము గోడకు తెల్లని దుప్పటి కట్టి, అడవిని కాపాడుకొనుచున్న కుటుంబములను గూర్చిన డాక్యుమెంటరీ చిత్రము నొకదానిని చూపించితిమి. సభ్యులేగాక వారి యిండ్ల స్త్రీలును పిల్లలును వచ్చిరి. చిత్రము ముగియగానే వెనుక వరుసనుండి యొక వృద్ధ రైతు, "అడవి సర్కారుది గదా, వీరు వెదురెట్లమ్ముకొనిరి?" అని యడిగెను. చిత్రమందు ఆ సంగతి రెప్పపాటులో దాటిపోయినది. కావున దానినే యిచ్చట వివరించుచున్నాము.

మెండా, మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాలోని సుమారు నూరిండ్ల గోండుల పల్లె. ఆ జిల్లా తెలంగాణమునకు సరిహద్దు. అచ్చటి గ్రామసభలో అందరును సమ్మతించినగాని యే నిర్ణయమును చెల్లదు. ఎక్కువమంది చేతులెత్తిన చాలదు. (మన సర్వసభ్య సమావేశములు జ్ఞప్తికి వచ్చి కొందరు నవ్విరి.) పూర్వము ఆ ప్రాంతపు వెదురును ప్రభుత్వమువారు కాగితపు మిల్లునకు గుత్తకిచ్చిరి. గ్రామస్థులు దాని నెదిరించిరి.

1927 నాటి అటవీ చట్టము వెదురును చెట్టుగా నెంచినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము దానిని చిన్నతరహా అటవీ ఫలసాయములో చేర్చి, సేకరించి అమ్ముకొను హక్కును అడవి నాశ్రయించి బ్రతుకువారి కిచ్చినది. మెండాకు 2009లో సుమారు 1,800 హెక్టారులపై సామూహిక హక్కు లభించెను. అయినను రవాణా పర్మిటు అటవీశాఖ చేతిలోనే నిలిచినది. పర్మిటు పుస్తకము గ్రామసభకు చేరుటకు 2011 ఏప్రిల్ వరకు పట్టినది. అమ్మకము తమ చేతికి రాని యడవిని ఎవరెన్నాళ్లు కాతురు?

మన సభ్యులలో కొండవాలు గ్రామములవారును గలరు. హక్కు కోరువారు మొదట గ్రామసభలో తీర్మానింపవలెను. హాజరు సగమునకు తగ్గరాదు. వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. పిమ్మట అది ఉపవిభాగ కమిటీకిని, తుది నిర్ణయమునకు జిల్లా కమిటీకిని పోవును. గిరిజనేతరులైనచో 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అడవి నాశ్రయించి నివసించినట్లు చూపవలెను. ఇదియే కష్టము. ఆధారములు రెండు విధములవైనను ఉండవలెను.

ఆ వృద్ధుడు మరునాడే తన తాతనాటి పుల్లరి రశీదు నొకదానిని పెట్టె యడుగునుండి తీసి తెచ్చెను. నకలు వ్రాసియుంచితిమి. హక్కు కోరనట్టి పెద్దల వాఙ్మూలము రెండవ యాధారముగా చెల్లును గనుక, పొరుగూరి వృద్ధుల నిరువురను పిలిపించుచున్నాము.