చలి తగ్గిన శీతాకాలానికి భూతాపమే కారణమా?

డిసెంబరు నెలలో చలి అంతగా లేని ప్రతి సంవత్సరమూ విస్తరణ శాస్త్రవేత్తలకు రైతుల నుంచి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఈ ఏడు చలే లేదు, భూమి వేడెక్కడం వల్లనేనా?" ఈ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో చెప్పే సమాధానం శాస్త్రీయం కాదు. అవునంటే, మరుసటి ఏట గట్టి చలి వచ్చినప్పుడు మన మాటపై నమ్మకం సడలుతుంది. కాదంటే, దశాబ్దాలుగా నమోదవుతున్న మార్పును మరుగుపరచినవారమవుతాం. ఎటు చూసినా నష్టపోయేది మన సలహాను నమ్మి విత్తే తేదీని, రకాన్ని నిర్ణయించుకొనే రైతే. కనుక ఈ ప్రశ్నను సరైన రీతిలో విడదీసి చూడడం అవసరం.

దగ్గరి కారణాలు

మన ప్రాంతంలో శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రతను ప్రధానంగా ఆకాశ స్థితి, గాలి దిశ, గాలిలోని తేమ నిర్ణయిస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉండి ఉత్తరాది నుంచి పొడిగాలులు వీచినప్పుడు, పగలు గ్రహించిన వేడిని నేల రాత్రివేళ త్వరగా కోల్పోతుంది. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత బాగా పడిపోయేది ఇటువంటి రాత్రులలోనే. ఇందుకు భిన్నంగా, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి తూర్పు గాలులు తేమను, మేఘాలను మోసుకొని వస్తే నేల నుంచి వెలువడే పరారుణ వికిరణంలో కొంత భాగం తిరిగి నేలకే చేరుతుంది. రాత్రి వెచ్చగా ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రంలోని ఎల్‌నినో, లానినా స్థితులు కూడా ఏటికేడు వచ్చే తేడాలకు దోహదం చేస్తాయి. అందువల్ల ఏ ఒక్క వెచ్చని శీతాకాలాన్నైనా సహజమైన హెచ్చుతగ్గులతోనే చాలావరకు వివరించవచ్చు. అయితే ఈ వివరణ ఇంతటితో పూర్తి కాదు.

దీర్ఘకాలిక నమోదులు

ఈ హెచ్చుతగ్గులన్నీ ఒక సగటుకు అటూ ఇటూ సంభవిస్తాయి. ఆ సగటే పైకి జరుగుతున్నది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. 1986–2015 మధ్య ముప్పై ఏళ్లలో సంవత్సరం మొత్తంలో అత్యంత చల్లని రాత్రి ఉష్ణోగ్రత సుమారు 0.4 డిగ్రీలు పెరిగిందని అదే నివేదిక తెలుపుతున్నది. 1901 నుంచి ఉన్న నమోదులలో దేశానికి అత్యంత వేడి సంవత్సరం 2024 కాగా, అత్యంత వేడి ఫిబ్రవరి 2025లో వచ్చినట్లు భారత వాతావరణ విభాగం ప్రకటించింది.

ఈ పెరుగుదలకు సూర్యుడే కారణమన్న వాదన తరచు వినిపిస్తుంది. సూర్యశక్తి పెరగడమే కారణమైతే స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. వాస్తవానికి కింది పొర అయిన ట్రోపోస్ఫియర్ వేడెక్కుతుండగా స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతున్నది. ఇది హరితగృహ వాయువుల ప్రభావానికి ప్రత్యేకమైన గుర్తు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం మరొకటుంది. "సాధారణం కంటే ఎక్కువ" అన్నప్పుడు ఆ సాధారణం ఏ ముప్పై ఏళ్లకు చెందినదో తప్పక చూడాలి. వాతావరణ విభాగం లోగడ 1981–2010 సగటును వాడేది. ఇప్పుడు 1991–2020 సగటును వాడుతున్నది. కొలబద్దే పైకి జరిగినందున, నేడు సాధారణంగా నమోదైన శీతాకాలం పాత కొలబద్దతో చూస్తే వెచ్చని శీతాకాలం కావచ్చు.

కారణం నుంచి సంభావ్యతకు

పాచికకు ఒకవైపు కొంత బరువు చేర్చితే, పడిన ఒక్కొక్క ఆరు ఆ బరువు వల్లనే పడిందని చెప్పలేం; ఆరు పడే అవకాశం ఎంత పెరిగిందో మాత్రం చెప్పగలం. భూతాపానికి, ఒక శీతాకాలానికి ఉన్న సంబంధం ఇటువంటిదే.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఒక కేంద్రంలో శీతాకాలపు సగటు ఉష్ణోగ్రత సాధారణ విభాజనాన్ని అనుసరిస్తుందని, దాని ప్రామాణిక విచలనం 1 డిగ్రీ అని అనుకుందాం. పాత సగటు కంటే 2 డిగ్రీలు మించిన శీతాకాలం వచ్చే సంభావ్యత 2.3 శాతం, అంటే దాదాపు 44 ఏళ్లకు ఒకసారి. సగటు 0.7 డిగ్రీలు పైకి జరిగితే అదే సంభావ్యత 9.7 శాతమవుతుంది, అంటే దాదాపు పదేళ్లకు ఒకసారి. సగటులో స్వల్పమైన మార్పు అంచున ఉన్న ఘటనలను నాలుగు రెట్లు చేసింది. గట్టి చలి వచ్చే అవకాశం ఇదే లెక్కన తగ్గుతుంది గాని పూర్తిగా తొలగిపోదు. కనుక ఒక చలిగాలి వచ్చినంత మాత్రాన భూతాపం అబద్ధం కాదు.

వాస్తవ ఘటనలకు శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిని అన్వయిస్తారు. మానవ ఉద్గారాలున్న ప్రపంచాన్ని, అవి లేని ప్రపంచాన్ని వాతావరణ నమూనాలలో పోల్చి చూస్తారు. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర భారతదేశంలో, పాకిస్థాన్‌లో వచ్చిన వేడి సంభావ్యతను వాతావరణ మార్పు సుమారు 30 రెట్లు పెంచిందని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం అంచనా వేసింది. ఆ వేడి గోధుమ గింజ నిండే దశలో తాకింది. ఆ ఏడాది మే 13న కేంద్ర ప్రభుత్వం గోధుమ ఎగుమతులను నిషేధించింది.

పైర్లపై ప్రభావం

వెచ్చని శీతాకాలం అన్ని పైర్లకూ ఒకే విధంగా పనిచేయదు. యాసంగి వరి నారుమళ్లకు అది మేలే చేస్తుంది. చలి తీవ్రంగా ఉన్న ఏడు నారు ఎర్రబడి ఎదుగుదల ఆగుతుంది. రాత్రివేళ పాలిథీన్ షీట్లు కప్పడం, ఉదయం చల్లని నీటిని తీసి కొత్త నీరు పెట్టడం వంటి జాగ్రత్తలు తప్పవు. వెచ్చని ఏడు ఈ శ్రమ తగ్గుతుంది.

అదే వరికి తరువాతి దశలలో వెచ్చని రాత్రులు హాని చేస్తాయి. రాత్రి ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ శ్వాసక్రియ పెరిగి, పగలు తయారైన పిండి పదార్థాలు ఖర్చవుతాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రంలోని నమోదుల విశ్లేషణ 2004లో వెలువడింది. పొడి రుతువులో కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగినప్పుడు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు అది చూపింది. ఇది ఒకే క్షేత్రానికి చెందిన ఫలితమైనందున మన నేలలకు యథాతథంగా అన్వయించరాదు. కాని రాత్రి ఉష్ణోగ్రతను ప్రత్యేకంగా పరిశీలించవలసిన అవసరాన్ని తెలుపుతుంది.

నల్లరేగడిలో నిలిచిన తేమతో పండే శనగలో వెచ్చదనం పంటకాలాన్ని కుదిస్తుంది. పూత ముందుగా వస్తుంది, గింజ నిండే వ్యవధి తగ్గుతుంది, నేలలోని తేమ త్వరగా ఆవిరవుతుంది. శనగపచ్చ పురుగు జీవితచక్రం కూడా త్వరగా పూర్తవుతుంది. మామిడిలో తగినంత చలి లేకపోతే పూతకు బదులు లేత ఇగురు రావడం, పూత ఆలస్యమై విడతలుగా రావడం జరుగుతాయి.

సలహా ఎలా ఉండాలి

విస్తరణ సలహాలో రెండు కాలపరిమితులను వేరుగా ఉంచాలి. నీటి తడి, సస్యరక్షణ, మామిడిలో పూత యాజమాన్యం ఈ సీజనుకు సంబంధించినవి. వీటికి గ్రామీణ కృషి మౌసం సేవ కింద ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడే సలహా సంచికలే ఆధారం కావాలి. రకం ఎంపిక, విత్తే కాలం, పంటల సరళి దీర్ఘకాలానికి సంబంధించినవి. ఇవి ఒక్క ఏటి అనుభవంపై మారకూడదు. ధోరణిని బట్టి మారాలి.

ఇందుకు మంచి నిదర్శనం మన వద్దనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో శనగ విస్తరించడానికి జె.జి. 11 వంటి స్వల్పకాలిక రకాలు తోడ్పడ్డాయి. దక్షిణాది శీతాకాలం పొట్టిదని, వెచ్చనిదని గుర్తించి దానికి తగిన రకాన్ని ఎంచుకోవడమే అక్కడి కీలకం. వేడిని తట్టుకొనే జె.జి. 14 రకం ఆలస్యంగా విత్తే పరిస్థితులకు అందుబాటులో ఉంది.

ప్రతి పరిశోధన స్థానం వద్ద దశాబ్దాల కనిష్ఠ ఉష్ణోగ్రతల నమోదులున్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో 15 డిగ్రీలకు దిగువన ఉన్న రాత్రుల సంఖ్యను ఏటేటా లెక్కించి, అదే స్థానపు శనగ, వరి దిగుబడులతో పోల్చడం స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన పని. పరికరాల స్థలం మారిందా, చుట్టూ భవనాలు పెరిగాయా అన్నది ముందుగా సరిచూడాలి. అటువంటి స్థానిక ఆధారం లేనిదే జిల్లా స్థాయి సిఫారసు బలపడదు.

రైతు అడిగిన ప్రశ్నకు అప్పుడు ఇలా చెప్పవచ్చు: "ఈ ఏటి వెచ్చదనానికి మబ్బులు, గాలులు కారణం. ఇటువంటి ఏళ్లు మునుపటికంటే తరచుగా రావడానికి భూతాపం కారణం. చలి ఇక రాదని అనుకోవద్దు. ప్రతి ఏడూ వస్తుందన్న ధీమాతో దీర్ఘకాలిక రకాన్ని ఆలస్యంగా విత్తవద్దు."