ఐరన్ మెయిడెన్ వారి సంగీత ప్రదర్శనము

గత సంవత్సరము మా తరగతి బాలుఁ డొకఁడు పుఱ్ఱెవంటి ముఖము గల భూతము బొమ్మ అచ్చువేసిన చొక్కా నొకదానిని కొనుక్కొనెను. వాని తలిదండ్రులు దానిని సంచిలో పెట్టుకొని పాఠశాలకు వచ్చి, "మాష్టరుగారూ, ఇది సైతాను సంగీతమని చుట్టుపట్లవారు చెప్పుచున్నారు. మా బిడ్డ చెడిపోవుచున్నాఁడా?" అని అడిగిరి. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఏలయనఁగా, అట్టి చొక్కాయే యొకటి మా యింటి పెట్టెలోను ఉన్నది. నాఁడు చెప్పలేకపోయిన జవాబును ఈ పత్రిక మూలముగా వారికిని, అట్టి సందేహము గల యితర తలిదండ్రులకును మనవి చేయఁదలచితిమి.

ఆ బొమ్మ పేరు ఎడ్డీ. అది ఐరన్ మెయిడెన్ అను ఆంగ్లేయ సంగీత బృందమువారి గుర్తు. స్టీవ్ హారిస్ అను బేస్ గిటారు వాద్యకారుఁడు 1975వ సంవత్సరాంతమున లండను నగరపు తూర్పు భాగమందు ఈ బృందమును స్థాపించెను. గాయకుఁడగు బ్రూస్ డికిన్‌సన్ 1981లో చేరి, 1993లో విడిపోయి, 1999లో మరల వచ్చెను. బిగ్గరగా మ్రోగు విద్యుత్ గిటారులు, వడిగల డ్రమ్ములు, ఉచ్చస్థాయి గానము కలిసిన వీరి సంగీతమునకు హెవీ మెటల్ అని పేరు. వారు పాడుట మాత్రమే కాదు. పాటను నాటకమువలె ఆడి చూపుదురు.

మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించిన క్రొత్తలో, 2008వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన, వీరు ముంబయిలోని బాంద్రా కుర్లా కాంప్లెక్సు మైదానమున ప్రదర్శన మిచ్చిరి. వారి ప్రపంచ యాత్రకు అదియే మొదటి మజిలీ. బోయింగు 757 విమాన మొకదానిలో వెనుక ఆసనములు తీయించి, ఆ చోట వాద్యములను, రంగస్థల సామగ్రిని నింపి, పనివారితో కూడ ఒక్కటిగా వచ్చిరి. ఆ విమానమును నడిపిన చోదకుఁడు గాయకుఁడగు డికిన్‌సనే. మేమును ఒక స్నేహితుఁడును సికింద్రాబాదులో రైలెక్కి పోతిమి. ముంబయి చూచి వచ్చెదమని మాత్రమే తండ్రిగారితో చెప్పితిమి. ఆయన సంఘపు పెద్ద. ఆ మాటలో దాఁచినది చెప్పినదానికంటె ఎక్కువ.

చీఁకటి పడిన పిమ్మట దీపము లొక్కసారిగా ఆరిపోయెను. 1940లో చర్చిల్ చేసిన ప్రసంగపు ధ్వని మైదాన మంతట వినవచ్చెను. అది ముగియుటతోడనే వెలుఁగు విరజిమ్మెను; ఆ సంవత్సరపు ఆకాశ యుద్ధములో పోరిన విమానచోదకులను గూర్చిన పాట ఆరంభమాయెను. అప్పటికి డికిన్‌సన్ వయస్సు 49 సంవత్సరములు. అతఁడు వేదిక యీ చివర నుండి ఆ చివరకు పరుగెత్తుచు, దుముకుచు, శ్రుతి తప్పక పాడెను. బాలక్లావా యుద్ధపు పాటకు ఎఱ్ఱని సైనికుని కోటు తొడిగి పతాకము నూపెను. అంతటి సాధన ఒక దినమున వచ్చునది కాదని మాకు తోఁచెను.

ఇట్టి వేషము లేల యని అడుగవచ్చును. వేలకొలఁది జనులు నిలిచిన మైదానమున వెనుకనున్నవారికి గాయకుని ముఖము గింజంతయే కనఁబడును. కాఁబట్టి పాటలోని కథ దూరమునకు తెలియుటకు పెద్ద తెరలు, రంగుల వెలుఁగులు, మంటలు, నిలువెత్తును మించిన బొమ్మలు కావలసివచ్చును. ఆ యాత్రలో వేదిక ఐగుప్తు దేశపు దేవాలయమువలె అమర్పఁబడెను. నడచి వచ్చు ఎడ్డీ యనునది పొడుగు కఱ్ఱలపై నడువ నేర్చిన మనుష్యుఁడు లోపల దూరిన వేషమే. దానిని చూచి పిల్లలు జడిసికొనలేదు. పాతస్నేహితుఁడు వచ్చినట్లు కేకలువేసిరి.

మా హృదయమున నిలిచినది వేఱొక ఘట్టము. కోలెరిడ్జి కవి 1798లో ప్రకటించిన ముదుసలి నావికుని కావ్యమును వారు 13 నిమిషములు మించిన పాటగా పాడిరి. నడుమ వాద్యములు తగ్గి, ఓడ కొయ్యలు కిఱ్ఱుమను శబ్దము మాత్రము వినవచ్చెను. నిరపరాధియగు పక్షిని చంపినవాని పశ్చాత్తాపమును అన్నివేల యువకులు నిశ్శబ్దముగా ఆలకించిరి. తరగతిలో 40 మందిని నిశ్శబ్దపఱచుట యెంత కష్టమో మే మెఱుఁగుదుము.

ఇఁక సైతాను సంగతి. 1982లో వెలువడిన వారి యొక పాటకు ప్రకటన గ్రంథము 13వ అధ్యాయములోని మృగసంఖ్య పేరు పెట్టిరి. అమెరికాలో కొందఱు దానిని నిరసించి రికార్డులను కాల్చిరి. ఆ పాట హారిసునకు వచ్చిన పీడకల నుండి పుట్టినది. అందులోనిది భయమే గాని ఆరాధన కాదు. ఆ రాత్రి వారు పాడిన మఱియొక పాట చెస్టర్టను రచించిన క్రైస్తవ కీర్తనతో ఆరంభమగును. కట్టకడపట పాడినది ఉరికంబ మెక్కఁబోవు ఖైదీ తలంపులను గూర్చినది; దాని పేరు ప్రభువు నేర్పిన ప్రార్థనలోని మాటయే. నాఁటి డ్రమ్ముల వాద్యకారుఁడగు నికో మెక్‌బ్రెయిన్ తాను క్రైస్తవ విశ్వాసి నని బహిరంగముగా చెప్పుకొన్నవాఁడు.

అయినను ఒక కీడును దాఁచరాదు. 85 డెసిబెల్‌ల ధ్వనిని 8 గంటలు వినవచ్చునని ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలము సగమగును. 100 వద్ద 15 నిమిషములే మిగులును. మే మేమియు పెట్టుకొనక నిలుచుటవలన రెండు దినములు చెవులు గింగురుమనెను. పోవువారు చెవులలో నుంచుకొను మెత్తని బిరడాలు తప్పక తీసికొని పోవలెను.

ఇల్లు చేరిన వారమునకు మా చొక్కా జేబులో ప్రవేశపు చీటీ తండ్రిగారికి దొరకెను. ఆయన కేకలు వేయలేదు. "నాయనా, కూర్చుండుము. నీవు విన్నదేదో నాకును చదివి చెప్పుము" అనిరి. మేము నావికుని కథ చెప్పితిమి. ఖైదీ పాటను వినిపించితిమి. ఆయన బైబిలు తెఱచి ఆ 13వ అధ్యాయమును పూర్తిగా చదివిరి. తుదకు, "ఈ గోల నాకు నచ్చలేదు. కాని అందు పాపము కనఁబడలేదు. నీవు నాతో దాఁచినది మాత్రము అంతకంటెను నచ్చలేదు" అనిరి. మేము తల వంచుకొంటిమి.

డికిన్‌సనునకు 2014 చివరను నాలుక వద్ద కాన్సరు బయటపడెను. చికిత్స పొంది మరల పాడెను. మెక్‌బ్రెయినునకు 2023లో పక్షవాతము వచ్చెను. సాధనచేసి తిరిగి వాయించి, 2024 డిసెంబరులో ప్రదర్శన యాత్రల నుండి విరమించెను.

ఆ బాలుని తలిదండ్రులకు మా మనవి యిది. ఆ చొక్కా బడికి తగదు, అది నియమము. ఇంటియందు మాత్రము దానిని చింపక ముందు వానిని ప్రక్కను కూర్చుండఁబెట్టుకొని, ఏమి వినుచున్నాఁడో అడిగి, ఆ పాటల యర్థము చెప్పించుకొనుఁడు. తగనిది కనఁబడినయెడల తగదని చెప్పుఁడు. మా తండ్రిగారు అట్లు అడిగినందుననే, ఆ దినము తరువాత మేము పోయిన ఏ చోటును ఆయనకు దాఁచలేదు.