ఆడపిల్లలకు కాన్సరు టీకా: ఒక తల్లి ప్రశ్న

గడచిన వేసవిలో, సముద్రంలో వేట నిలిపిన రోజులలో, మైపాడు దాపున ఒక పట్టపుపాళెంలో గర్భాశయముఖ కాన్సరు టీకాను గూర్చి చెప్పుచున్నాను. వలల పక్కన కూర్చున్న ఒక తల్లి అడ్డు తగిలింది: "పెండ్లి గూడా కాని పిల్లకు గర్భసంచి సూది యెందుకయివారూ? రేపు పిల్లకాయలు పుట్టకపోతే?" నేను తీసుకొనిపోయిన పటాలలో దీనికి సమాధానం లేదు.

ఈ కాన్సరు 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు వచ్చినదనీ, దాదాపు 80,000 మంది మరణించినారనీ అంచనా. దీనికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరసు. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌజెన్ 1983, 1984లలో దీని 16, 18 రకాలను కాన్సరు కణాలలో కనుగొన్నాడు. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నూటికి 70 గర్భాశయముఖ కాన్సరులు ఈ రెండు రకాల వలననే. చాలమందిలో శరీరమే వైరసును వదిలించుకొంటుంది. వదలక తిష్ఠవేస్తే ఏండ్లు గడచిన పిమ్మట కాన్సరు పుట్టవచ్చు.

టీకా సంగతి ఒడ్డున దొరికే గుల్లతో చెప్పినాను. లోపల పురుగు లేని గుల్ల కదలదు, పిల్లలు పెట్టదు. చూపుకు మాత్రం గుల్లే. వైరసు పైపొరలోని ప్రోటీనును తయారుచేస్తే, దాని అణువులు తమంత తామే కూడుకొని అట్టి బోలుగుండ్లవుతవి. లోపల జన్యుపదార్థం లేదు గనుక వ్యాధి రాదు. శరీరం ఆ ఆకారాన్ని గుర్తుపెట్టుకొని ప్రతిరక్షకాలను సిద్ధం చేసుకొంటుంది. సూది వేసేది భుజానికి. గర్భసంచి జోలికి అది పోదు, సంతానానికి అడ్డు రాదు. ఇక పెండ్లికి ముందే యెందుకంటే, స్త్రీపురుష సంపర్కంతో సోకే ఈ వైరసు ఒకసారి ప్రవేశించినాక టీకా దానిని తొలగించలేదు. పడవ సందులు పూడ్చేది నీటిలో దింపక ముందే గదా! ఇందులో పిల్ల నడతను శంకించడమేమీ లేదు. కట్టుకొన్న భర్త నుండి కూడా ఇది సోకవచ్చు.

తల్లుల భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి ప్రయోగాత్మకంగా ఈ టీకా వేసినారు. తరువాత కొందరు బాలికలు మరణించగా 2010లో పని ఆపివేసినారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కానరాలేదని విచారణ సంఘం చెప్పింది. కాని అనేక అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసినట్లు తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీనిని తీవ్రంగా విమర్శించింది. టీకా మంచిదే కావచ్చు; అడగకుండా వేసిన సూదిని ఎవరు నమ్ముతారు?

మైకులో చాటింపు వేయించి వెళ్ళిపోతే బోధన కాదు. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలు ఒడ్డుననే ఉంటవి. తండ్రులు ఊళ్ళో దొరుకుతారు, బడిపిల్లలకూ సెలవులే. పాళెం పెద్దలతో ముందు మాట్లాడి, తల్లులను వేరుగా కూర్చోబెట్టి, వారి ప్రశ్నలు పూర్తిగా వినవలె. చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చునని దాచకుండా చెప్పవలె. 9–14 ఏండ్ల పిల్లలకు ఒక్క మోతాదు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. అదే యేట పూనాలో తయారైన మన దేశపు టీకాకు అనుమతి వచ్చింది.

అంతా విని ఆ తల్లి, "మరి నాకో?" అన్నది. ఆమె వయస్సుకు కావలసినది పరీక్ష. పలుచని వెనిగారు ద్రావణం పూసి గర్భాశయముఖాన్ని చూస్తారు. చెడుమార్పు ఉన్నచోట తెల్లబడుతుంది. ముప్పై దాటినవారంతా, టీకా వేసుకొన్నవారు సైతం, ఈ పరీక్ష చేయించుకోవలె. పక్కనున్న నర్సమ్మను, "ఏనాడు రమ్మంటావమ్మా?" అని ఆమే అడిగింది.