చెన్నపట్నమున మూడు పేటలు

చెన్నపట్నమున నేను మూడు పేటలలో గాపురముంటిని. ఊరొక్కటియే, నీటివరస మాత్రము మూడు విధములు.

జార్జిటౌనున నొక్కొక్క వర్తకమున కొక్కొక్క వీథి. ఆండర్సన్ వీథిలో నెటు చూచినను కాగితములే. క్రింద కొట్టు, మీద కాపురము. మా లోగిలిలో అయిదు కుటుంబములకు కుళాయి యొక్కటి. వంతుకై తెల్లవారకమున్నే వాదులాట. అయినను ఒకరింట జ్వరము వచ్చినచో వారి బిందె యడుగకయే నిండెడిది.

1734లో నేతగాండ్రకై యేర్పడిన చింతాద్రిపేటను గూర్చి చెప్పవలసినది కొంచెమే. కూవము వంపున నున్నది. గాలి యిటు మళ్లిన సాయంకాలము కిటికీలు మూయక తప్పదు.

త్యాగరాయనగరము కథ వేఱు. 1920 తరువాతి దశకమున పెద్ద చెఱువును పూడ్చి యీ పేటను వేసిరి. పేటకు పిట్టి త్యాగరాయసెట్టిగారి పేరు, నడుమనున్న పార్కునకు పానగల్లు రాజావారి పేరు, ఇరువురును తెలుగువారే. చెఱువు పోయినను పల్లము పోలేదు. 2015 డిసెంబరు వానలకు మా వీథిలో మోకాలిబంటి నీరు నిలిచినది. 2019 వేసవిలోనో, నగరమునకు నీరిచ్చు జలాశయములు నాలుగును దాదాపుగ నెండినవి. 1996 నుండి వచ్చుచున్న కృష్ణాజలములును ఆ యేట చాలలేదు. లారీనీటిని కొనగల మేడలలో తొట్లు నిండినవి. మా మేడ కావలివాని యిల్లాలు మాత్రము బిందె చంకనిడుకొని ప్రక్కవీథికి నడచెడిది. వంతుకై వాదులాడుటకైనను అచట కుళాయి లేదు.

ఇల్లు వెదకు శ్రోతలు అద్దెకంటె మున్ను రెండు సంగతు లడుగుదురు గాక: వేసవిలో నీరెటనుండి వచ్చును, వానకు నీరెందాక నిలుచును? అడుగవలసినది ఇంటి యజమానిని గాదు, పాలవానిని.