సాగరమున అభిమన్యులు

పద్మవ్యూహమున జొచ్చుటయే గాని వెలువడుట యెఱుగని అభిమన్యుని కథ మన పాఠకులకు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున, 1941 మొదలు 1943 వఱకు, బ్రిటిషు వర్తక నౌకలపై జరిగిన యొక యేర్పాటును గూర్చి చదివినపుడు మాకా బాలుడే జ్ఞప్తికి వచ్చెను. ఆ నౌకలనుండి విమానమెగురుటకు మార్గము కల్పింపబడినది. తిరిగి దిగుటకు మాత్రము కల్పింపబడలేదు.

1940 వేసవిలో ఫ్రాన్సు జర్మనులకు లోబడిన పిమ్మట, బోర్డో నగర ప్రాంతము నుండి కాండార్ అను పెద్ద విమానములు అట్లాంటిక్ సముద్రముపైకి రాసాగినవి. ప్రయాణికుల కొఱకు నిర్మింపబడిన ఈ జాతి విమానమొకటి 1938లో బెర్లిను నుండి న్యూయార్కునకు నడుమ నెక్కడను దిగక పోయి ప్రఖ్యాతి గాంచినది. యుద్ధమున నదియే గ్రద్దవలె ఓడల గుంపులపై తిరుగుచు, తాను బాంబులు వేయుటయే గాక జలాంతర్గాములకు జాడ తెలుపుచుండెను. తీరమునందలి యోధవిమానములు అంత దూరము పోజాలవు. విమానవాహక నౌకలా, చాలినన్ని లేవు. 1941 మార్చి 6వ తేదీన చర్చిలు జారీచేసిన ఆజ్ఞాపత్రమున, ఓడలపైనుండి విమానములను విసరు సాధనములకు అగ్రస్థానమొసగబడెను.

ఆ సాధనము పేరు కాటపల్టు. పంటచేల కావలివాండ్రు పిట్టలను తోలు వడిసెలను చూచినవారికి దీని తత్త్వమును వివరింప బనిలేదు. ఓడ ముందుభాగమున సుమారు 75 అడుగుల ఇనుప పట్టా. దానిపై బండి, బండిపై హరికేన్ యోధవిమానము. బాణసంచా తారాజువ్వలవంటి రాకెట్లు ఒక్కమాఱుగా మండగా, సుమారు మూడు టన్నుల యా యంత్రము రెప్పపాటులో గాలిలోనికి విసరబడును. చోదకుడు తల వెనుకకానించి, అదురునకు చేయి జాఱకుండ బిగబట్టుకొని కూర్చుండవలెను. ఓడ కెరటముపై లేచు క్షణమునకు బదులు మునుగు క్షణమున నిప్పంటించిరా, విమానము తిన్నగా నీటిలోనికే పోవును.

యుద్ధము ముగిసిన పిదప కదా అసలు చిక్కు! హరికేన్ కడుపు క్రింద, యంత్రమును చల్లార్చు నిమిత్తము ఒక తొట్టివంటి భాగము వ్రేలాడుచుండును. నీటిపై దిగినచో నది గాలమువలె తగులుకొని విమానమును తలక్రిందులు చేయును. కావున ఓడల చేరువకు వచ్చి గొడుగుతో దూకుట మేలని చెప్పిరి. దూకినవానిని పడవ వెదకి పట్టుకొనవలెను. ఉత్తర ధ్రువ సముద్రపు నీటిలో మనుష్యుడు నిలువగలుగునది కొలది నిమిషములే.

ఈ రీతిని 35 వర్తక నౌకలు సిద్ధపఱుపబడినవి. అవి తమ సరకును మోయుచునే యీ పనియు చేయుచుండెను. వానిలో సుమారు మూడవ వంతు శత్రువులచేత మునిగినవి. యుద్ధార్థము విమానమును విసరినది తొమ్మిది పర్యాయములు మాత్రమే. తక్కిన కాలమంతయు ఆ యువకులు ఉప్పునీటి తుంపరలలో తడియుచు, పిలుపునకై యెదురుచూచుచు గడపిరి. మా దృష్టిలో నదియే కఠినతరమైన పరీక్ష. 1942 మే నెలలో కెండాల్ అను చోదకుడు ఎంపయర్ మార్న్ అను ఓడనుండి యెగిరి శత్రువిమానము నొకదానిని కూల్చెను. గొడుగు సకాలమున విచ్చక మరణించెను. తొమ్మండుగురిలో ప్రాణము కోల్పోయినవాడతడొక్కడే. ఆ సెప్టెంబరులో అదే ఓడనుండి యెగిరిన బర్ అనువాడు మాత్రము, దూకుటకిష్టపడక, అడుగంటుచున్న తైలముతో రష్యాలోని ఆర్కేంజిల్ చెంత నేలను చేరుకొనెను. విమానమును దక్కించుకొన్నవాడును అతడొక్కడే.

యంత్రమును బలియిచ్చుటకు సిద్ధపడిరి గాని, మనిషిని దక్కించుటకు పడవను సిద్ధముగా నుంచిరి. ఈ భేదము స్వల్పము కాదు. 1945లో జపానువారి ఓకా విమానమున చోదకుని మరణము ఏర్పాటులోనే యొక భాగము. అదే యేడు మార్చి 1న జర్మనులు నాటర్ అను కొయ్య విమానమును నిట్టనిలువుగా ఆకాశమునకు పంపగా, దానియందలి సీబర్ ఒక్క నిమిషమైనను గడవకమునుపే నేలగూలెను.

మఱొక మాట. ఈ వడిసెలలు కాపాడిన వర్తక నౌకాసమూహమున, బొగ్గు కొలుముల యొద్ద చెమటోడ్చినవారిలో మన దేశపు లస్కర్లు వేలకొలది యుండిరి. తెల్లనావికుల కంటె మిక్కిలి తక్కువ జీతమునకు పనిచేసిరి. ఆ యుద్ధమున ఆరువేలకు మించి సముద్రము పాలైరి. వారు విసరబడలేదు, ఓడతోబాటు మునిగిరి. వీరగాథలు వ్రాయువారు వారి పేరులను వెదకిన జాడ అంతగా కానరాదు.

వర్తక నౌకలవే గాక, రాజనౌకాదళమునకును ఇట్టి ఓడలు కొన్ని యుండెను. వానిలో మాప్లిన్ నుండి 1941 ఆగస్టు 3న యెగిరి కాండారును మొదట కూల్చినవాడు ఎవరెట్టు. యుద్ధమునకు పూర్వమితడు గుఱ్ఱపు రౌతు. 1929లో గ్రాండ్ నేషనల్ పందెమును గ్రెగలాక్ అను గుఱ్ఱముపై గెలిచినవాడు. ఆనాడు అతని విమానము నీట దిగినంతనే మునిగెను. అతడు పెనగులాడి బయటపడగా పడవవారు ఎత్తుకొనిరి. 1942 జనవరిలో, శత్రువెవ్వడును ఎదుటలేని యొక ప్రయాణమున, అతని విమానము వేల్సు తీరముకడ సముద్రమున కూలినది. ఆ మాఱు పడవ రాలేదు.